అప్‌డేట్: తమ్ముడి బోటులో గ్యాస్ ఫ్రిజ్ సంగతి తేలింది

పోయిన నెల అడిగినాను కదా, ఇంగ్లండ్‌లో కాలువ మీద బోటులోనే కాపురం ఉండే మా తమ్ముడికి రాత్రిళ్ళు కార్బన్ మోనాక్సైడ్ (వాసన తెలీని విషవాయువు) అలారం మోగతా ఉంది, గ్యాస్ మంటతో నడిచే ఫ్రిజ్ మీద అనుమానం, నేను తిరుపతిలో కూర్చొని వాడికి ఏం చెప్పాలో తెలీడం లేదని. సలహా ఇచ్చినోళ్ళందరికీ చాలా థాంక్స్.

వెంటనే ఫ్రిజ్ ఆపేసి, బోట్ల పని తెలిసిన గ్యాస్ ఇంజనీర్ని పిలవమన్న మాటే పనిచేసింది. ఆయన చూస్తే బర్నర్ నిండా తుప్పు, మసి, మంట నీలంగా కాకుండా పసుపుగా వస్తా ఉంది, పొగగొట్టం సగం మూసుకుపోయి ఆ పొగంతా లోపలికే. రెగ్యులేటర్ మార్చమన్నారు కొందరు, మా వాడి బోటులో తప్పు దానిది కాదు, లీకు టెస్టులో కూడా ఏమీ తేలలేదు. అలారమే పాడయ్యుంటుందని నేనన్నాను, అది పెద్ద తప్పు, వాణ్ణి కాపాడిందే అది.

రిపేరు వద్దనుకొని 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ పెట్టించినాడు, పాత గ్యాస్ పైపు ఆ ఇంజనీర్‌తోనే మూయించినాడు, ఎల్పీజీ గాలికంటే బరువు కాబట్టి లీకైతే బోటు అడుగునే నిలిచిపోతుందంట. ఒకటి చూసుకోండి, ఈ ఫ్రిజ్ బ్యాటరీ బాగా లాగుతుంది, చలికాలం సోలార్ చాలదు, ఇంజను వేసుకోవాల్సిందే.

అలారం మళ్ళీ మోగలేదు. అమ్మ మాత్రం రోజూ రాత్రి ఫోన్ చేసి అడగతానే ఉంది.