1968 అంబాసిడర్ మార్క్ 2: వైరింగ్ పటానికీ కారుకూ పొంతన కుదరడం లేదు

మా నాన్నగారి 1968 నాటి అంబాసిడర్ మార్క్ 2ను తిరిగి రోడ్డెక్కించే ప్రయత్నంలో వైరింగ్ దగ్గర ఆగిపోయాను. ఈ కారుకు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 పటాన్ని ముందు పెట్టుకుని, లూకాస్ (బ్రిటిష్ విద్యుత్ పరికరాల సంస్థ) రంగుల పద్ధతిలో గోధుమ రంగు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేదనీ, తెలుపు ఇగ్నిషన్ స్విచ్ దాటి వచ్చేదనీ, ఆకుపచ్చ ఫ్యూజు తరువాతిదనీ గుర్తుంచుకుని ఒక్కొక్క వైరునూ మల్టీమీటరుతో పరీక్షిస్తున్నాను.

పటంలో బ్యాటరీ పాజిటివ్ ఎర్త్ అయి (అంటే కారు బాడీకి కలిపి) ఉండగా నా కారులో నెగెటివ్ ఎర్త్ అయి ఉంది. డైనమో స్థానంలో ఎవరో ఆల్టర్నేటర్ బిగించారు. డైనమో ఛార్జింగును అదుపుచేసే పాత కంట్రోల్ బాక్సు మూత తీసి చూస్తే లోపలి కాయిళ్లు లేవు. ‘ఎ’ (బ్యాటరీ వైపు), ‘డి’ (డైనమో వైపు) టెర్మినళ్లను ఒక రాగి తీగతో కలిపి టంకం వేశారు. ఒకప్పుడు డైనమో కరెంటు మోసిన పసుపు వైరే ఇప్పుడు ఆల్టర్నేటర్ భారాన్నీ మోస్తోంది. టేపు విప్పేసరికి దాని తొడుగు బెల్లంపాకంలా కరిగి పక్క వైరుకు అంటుకుని ఉంది. (ఇంతకాలం మంట రాకపోవడం మా అదృష్టమే.) ‘ఎఫ్’ (డైనమో ఫీల్డ్ కాయిల్) టెర్మినల్‌కు చెందిన పసుపు-ఆకుపచ్చ వైరు డ్యాష్‌బోర్డు వెనుక తెగిపోయి ఉంది.

ఈ కాలపు అంబాసిడర్లపై పనిచేసినవారు దయచేసి చెప్పగలరా: 1968 కార్లు కర్మాగారం నుంచే నెగెటివ్ ఎర్త్‌తో వచ్చాయా? ఆల్టర్నేటర్‌ను ఉంచేయాలనుకుంటే, కంట్రోల్ బాక్సును పూర్తిగా తప్పించి బ్యాటరీ వరకు కొత్తగా మందమైన వైరు లాగడం మేలా? అప్పుడు ఛార్జింగ్ దీపాన్ని దేనికి కలపాలి?