‘టేబుల్ చేద్దాం’ అంటే మీ ఆఫీసులో అర్థమేంటి?

గోదారిగట్టు: మొన్న కాల్‌లో అమెరికా క్లయింట్ ‘లెట్స్ టేబుల్ దిస్’ అన్నాడు. మన పార్లమెంటులో నివేదిక టేబుల్ చేశారంటే సభ ముందు పెట్టారనేగా! ఇప్పుడే మాట్లాడమంటున్నాడనుకుని స్లైడ్లు తెరిచి దంచేశాను. ఐదు నిమిషాలు ఓపిగ్గా విని, ‘దీన్ని తర్వాత చూద్దామనే కదా అన్నాను’ అన్నాడు. ఇలా ఇంకెవరైనా దొరికిపోయారా?

చౌరస్తా చాయ్: సిగ్గుపడకండి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ అధికారులు ఇదే మాట మీద చాలాసేపు గొడవపడ్డారు. తీరా చూస్తే ఇద్దరూ కోరింది ఒకటే! చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాల్లో రాశాడు.

న్యూజెర్సీ వదిన: మా అమ్మాయి కూచిపూడి ప్రోగ్రాం రోజున పక్కింటావిడ నవ్వుతూ ‘బ్రేక్ ఎ లెగ్’ అంది. మా అత్తగారికి ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు, అదే చిక్కు. ‘గజ్జె కట్టిన పిల్లని కాలు విరగ్గొట్టుకోమంటుందా!’ అని దిష్టి తీసిందాకా స్టేజీ ఎక్కనివ్వలేదు. నాటకాల వాళ్లు ‘గుడ్ లక్’ అంటే అపశకునమని ఇలా తిప్పి అంటారని ఎంత చెప్పినా వినలేదు.

పాతపేజీ: కుండపోత వానని ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ అంటారు కదా, దాని సంగతి తెలుసా? వెనకటికి గడ్డి కప్పుల మీద పడుకున్న కుక్కలూ పిల్లులూ వానకి జారి పడేవట.

చౌరస్తా చాయ్: పాతపేజీ గారూ, అది 1999లో ఈమెయిళ్లలో తిరిగిన కట్టుకథ. పూరింటి కప్పెక్కి పడుకున్న కుక్కని మీరెప్పుడైనా చూశారా? పిల్లంటే సరే. ఆధారమున్న కథ కావాలంటే ‘డెడ్‌లైన్’ తీసుకోండి. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో, జార్జియాలోని ఆండర్సన్‌విల్ ఖైదీల శిబిరంలో గోడకి కాస్త లోపలగా ఒక కొయ్య కంచె ఉండేది. అది దాటిన ఖైదీని కాపలావాళ్లు కాల్చేసేవారు. దాని పేరే డెడ్‌లైన్. గడువు అనే అర్థం ఆ తర్వాతెప్పుడో పత్రికాఫీసుల్లో వచ్చింది.

పాతపేజీ: ఒప్పుకున్నా, ఫార్వర్డ్ చేసింది మా బావగారు :) మరి ఆ ‘టేబుల్’కి మందేంటి?

న్యూజెర్సీ వదిన: ఇక్కడ పదేళ్లుగా చేస్తున్నా, ఆ మాటే వాడను. ‘వచ్చే వారం మాట్లాడదాం’ అని తేదీతో సహా చెప్పేస్తా. అవతలివాళ్లు వాడితే, ఇప్పుడా తర్వాతా అని అడిగేస్తా.

గోదారిగట్టు: థాంక్స్ వదినా. ఆ స్లైడ్లు మళ్లీ రేపు సాయంత్రానికి పంపాలి. కంచె దగ్గరికొచ్చేశా, ఉంటాను.