కార్-టి చికిత్స: ప్రభుత్వ డబ్బు దాత కణాల మీదా, రోగి సొంత కణాల మీదా?

ఒంగోలు వాసి:
మా బావకు లింఫోమా అనే రక్త క్యాన్సర్ తిరగబెట్టింది. చెన్నై డాక్టర్లు కార్-టి అంటున్నారు. రోగాలతో పోరాడే ఆయన టి కణాలే తీసి, క్యాన్సర్‌ను గుర్తుపట్టేలా ల్యాబ్‌లో మార్చి మళ్లీ ఎక్కిస్తారు. దానికి వారాలు పడుతుంది, ఖర్చు లక్షల్లో. అదే ఆరోగ్యంగా ఉన్న దాత కణాలతో ముందే చేసి ఫ్రీజ్ చేసి ఉంచితే, ఒక్క దాత నుంచి ఎంతోమందికి సరిపోతుంది. ప్రభుత్వం డబ్బు పెడితే దీని మీదే పెట్టాలి.

నెల్లూరు బ్లడ్‌బ్యాంక్ టెక్నీషియన్:
అన్నా, బావగారికి తొందరగా నయం కావాలి. కానీ ఈ మాట ఒప్పుకోను. ఇది గ్రూపు కలిస్తే ఎక్కించే రక్తం లాంటిది కాదు. దాత టి కణం రోగి ఒళ్లే పరాయిదనుకుని చర్మం, పేగులు, కాలేయం మీద పడుతుంది. అందుకని పరాయిదాన్ని గుర్తుపట్టే దాని గ్రాహకాన్ని జన్యు కత్తెరతో తీసేస్తారు. రోగి ఇమ్యూనిటీ ఆ కణాన్ని చంపకుండా బి2ఎం జన్యువునూ కత్తిరించి, కణం ఎవరిదో చెప్పే హెచ్ఎల్ఏ గుర్తులు పోగొడతారు. అప్పుడు గుర్తుల్లేని కణాలను వేటాడే రోగి ఎన్‌కే కణాలు మీదికొస్తాయి! ఇదంతా ఇంకా ప్రయోగాల్లోనే ఉంది.

సొంత కణాల చికిత్స మన చేతిలో ఉంది. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. ఇలాంటి చికిత్సే అయిన కిమ్రియా ధర అమెరికాలో 2017లో 4,75,000 డాలర్లు. మనది వచ్చిన కొత్తలో దాదాపు 40 లక్షల రూపాయలు. ఇదీ మామూలు కుటుంబానికి అందదు, ఆరోగ్య పథకంలో చేర్చమని అడగాల్సింది దీన్నే.

డెంగీ రోజుల్లో ప్లేట్‌లెట్లు తీసే మిషన్ చూసే ఉంటారు. రక్తం గిర్రున తిరిగి పొరలుగా విడిపోతుంది, కావాల్సిన పొర సంచిలోకి, మిగతాది ఒంట్లోకి. పెదాలు చిమచిమలాడితే కాల్షియం ఇస్తాం. టి కణాలు తీసేదీ ఈ పద్ధతిలోనే, కాకపోతే కొన్ని గంటలు కూర్చోవాలి. అనుమతులు, శిక్షణ ఇప్పిస్తే సేకరణ నెల్లూరులోనే చేయొచ్చు.

కావలి కుర్రాడు:
అక్కా, కీమో మీద కీమో అయినవాళ్లకు తీయడానికి మంచి టి కణాలే మిగలవు. వాళ్ల గతేంటి? లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రిలో 2015లో లైలా అనే పసిపాపను కాపాడింది దాత కణాలే. 2022లో అక్కడే అలిస్సా అనే పదమూడేళ్ల అమ్మాయికీ అవే ఇచ్చారు. ఆమెది టి కణాల క్యాన్సరే, సొంత కణాలు ఎలా వాడతారు?

నెల్లూరు బ్లడ్‌బ్యాంక్ టెక్నీషియన్:
నిజమే తమ్ముడూ, అలాంటివాళ్లకు వేరే దారి లేదు. ఆ పరిశోధన ఆగకూడదు. కానీ ఆ పిల్లలిద్దరికీ తర్వాత మూలుగ మార్పిడి చేశారు. దాత కణాలు అప్పటిదాకా క్యాన్సర్‌ను అణిచిపెట్టాయి. అవి ఒంట్లో ఎక్కువకాలం నిలవకపోవడమే పెద్ద చిక్కు. బావగారి లాంటివాళ్లు ఇవాళ వార్డులో ఉన్నారు, ప్రయోగాలు ముగిసేదాకా ఆగలేరు. అన్నా, ఇంకో కీమో పెట్టేలోపే కణాల సేకరణ సంగతి డాక్టర్‌ను అడగండి, తర్వాతైతే కణాలు నీరసిస్తాయి.

ఒంగోలు వాసి:
రేపే అడుగుతానమ్మా. దాత కణాల మీద నా ఆశ పోలేదు, అయినా పథకంలో చేర్చడం ముందు కావాలన్నది ఒప్పుకుంటున్నా. సోమవారం గ్రీవెన్స్‌లో రెండు జిల్లాల కలెక్టర్లకూ అర్జీ ఇద్దాం. సేకరణ గురించి మీరు రాసివ్వండి, ఖర్చుల కాగితాలు నేను తెస్తాను.