బాతు గుడ్లకు మిషన్‌లో రోజూ నీళ్లు చల్లాలా, వద్దా?

ఇందుకూరుపేట బాతులు:
మా దగ్గర ఫ్యాన్ ఉన్న చిన్న ఇంక్యుబేటర్ ఉంది. నాటుకోడి గుడ్లు పెడితే ఏ ఇబ్బందీ లేదు. ఖాకీ కాంప్‌బెల్ బాతు గుడ్లు పెడితే మాత్రం పిల్ల పూర్తిగా తయారై, చివరి రోజుల్లో పెంకులోనే చనిపోతోంది. పగలగొట్టి చూస్తే లోపలంతా తడి, ముక్కు దగ్గర జిగురు నీళ్లు. గుడ్లు ఇచ్చినాయన రోజుకు రెండుసార్లు నీళ్లు చల్లమన్నాడు. మా బాబాయి ఆ నీళ్లే చంపుతున్నాయంటాడు. ఎవరి మాట వినాలి?

కోవూరు రైతు:
చల్లాల్సిందే తమ్ముడూ. పొదుగు మీదున్న బాతు మేతకు లేచి, నీళ్లలో మునిగి, తడి రెక్కలతో వచ్చి కూర్చుంటుంది. ఆ కాసేపు గుడ్డు చల్లబడుతుంది. పది రోజులు దాటాక లోపలి పిల్లకు సొంత వేడి పుడుతుంది. బాతు గుడ్డు కోడిగుడ్డు కంటే పెద్దది, ఆ వేడి త్వరగా బయటికి పోదు. అందుకే 10వ రోజు నుంచి 25 దాకా రోజుకోసారి మూత తీసి పది, పదిహేను నిమిషాలు వదిలేసి, గోరువెచ్చని నీళ్లు స్ప్రే చేసి మూసేయాలి. నేను అలాగే చేస్తున్నా, పిల్లలు బాగానే లేస్తున్నాయి.

ఒంగోలు అక్క:
మరి కోడి కింద పెట్టిన బాతు గుడ్ల సంగతేంటన్నా? మన ఊళ్లలో మిషన్లు రాకముందు బాతు పిల్లల్ని లేపింది కోళ్లే కదా. ఖాకీ కాంప్‌బెల్‌కు పొదిగే బుద్ధి దాదాపు పోయింది, గుడ్డు పెట్టేసి వెళ్లిపోతుంది. పొదుగుకొచ్చిన నాటుకోడి కింద ఎనిమిదో పదో బాతు గుడ్లు పెడితే 28 రోజులూ ఓపిగ్గా కూర్చుంటుంది. కోడి నీళ్లలో మునగదు కదా? పైగా బాతు గుడ్డుకు బురద అంటుకునే ఉంటుంది. దాని మీద నీళ్లు కొడితే ఆ మురికి పెంకు రంధ్రాల్లోంచి లోపలికి పోతుంది. ఒక్క గుడ్డు మురిగి మిషన్‌లో పగిలిందంటే ఆ కంపుతో పాటు మిగతా గుడ్లకూ చేటే.

కోవూరు రైతు:
కోడి మేతకు దిగినప్పుడు బాతు గుడ్ల మీద నీళ్లు చిలకరించేవాళ్లు చాలామంది ఉన్నారమ్మా. బురద గుడ్డు మిషన్‌లో పెట్టడమే తప్పు. అందుకు నీళ్లను అంటే ఎలా?

దర్శి నుంచి:
ఇద్దరూ రెండు పనుల్ని ఒకటిగా కలిపేస్తున్నారు. గుడ్డును చల్లబరచడం ఒకటి, మిషన్‌లో తేమ పెంచడం ఇంకొకటి. మొదటిది బాతు గుడ్డుకు మంచిదే. రెండోది ఊరిని బట్టి, కాలాన్ని బట్టి ఉంటుంది.

28 రోజుల్లో గుడ్డులోంచి కొంత నీరు ఆవిరైపోవాలి. అది పోయిన చోట, గుడ్డు వెడల్పు కొనలో గాలి ఖాళీ పెరుగుతుంది. పిల్ల పెంకు పగలగొట్టే ముందు తొలి ఊపిరి తీసేది అక్కడే. నీరు పోకపోతే ఆ ఖాళీ చిన్నగా ఉండిపోతుంది, పిల్లకు ఊపిరి అందదు. ఇందుకూరుపేట తమ్ముడు చెప్పిన తడి, ముక్కు దగ్గర జిగురు నీళ్లు చూస్తే తేమ ఎక్కువైందనే నాకు అనిపిస్తోంది.

ఆయన ఉండేది సముద్రం పక్కన. బయట 30 డిగ్రీలు, తేమ 75 శాతం ఉందనుకోండి. ఆ గాలే మిషన్‌లోకి వచ్చి 37.5 డిగ్రీలకు వేడెక్కితే తేమ 50 శాతం దగ్గర నిలుస్తుంది, చుక్క నీరు పోయకుండానే. మొదటి 25 రోజులకు బాతు గుడ్లకు చెప్పేది 55 శాతం అటూ ఇటూ. అంటే చిన్న గిన్నెలో కాస్త నీళ్లుంటే చాలు. ట్రేలన్నీ నింపి, పైన రెండుపూటలా స్ప్రే కూడా చేస్తే గుడ్డు ఎండేదెప్పుడు? మా వైపు ఎండాకాలం 35 డిగ్రీలు, 30 శాతం తేమ ఉన్న గాలి మిషన్‌లో 30 లోపుకు పడిపోతుంది. ఇక్కడ నీళ్లు లేకుండా కుదరదు. అందుకే ఎక్కడో తీసిన వీడియో చూసి లెక్క పెట్టుకోకూడదు.

తేమ చూపే మీటర్ కంటే త్రాసును నమ్మండి. పెట్టే రోజు గుడ్డు తూచి, బరువు పెన్సిల్‌తో పెంకు మీదే రాయండి. 70 గ్రాముల గుడ్డు 25వ రోజుకు సుమారు 9 గ్రాములు తగ్గాలి. సగం రోజులకు సగం తగ్గాలి. తగ్గకపోతే నీళ్లు తీసేయండి, మరీ తగ్గితే పోయండి.

ఒంగోలు అక్క:
ఇది బాగుంది. ఇంట్లో కిచెన్ త్రాసు ఉంటే చాలు కదా?

దర్శి నుంచి:
ఒక గ్రాము తేడా చూపించేదైతే చాలు. ఒక్కో గుడ్డు కాకుండా పది కలిపి తూస్తే ఇంకా నమ్మకంగా ఉంటుంది.

కోవూరు రైతు:
లెక్క ఒప్పుకుంటా. కానీ రోహిణి కార్తెలో చూడండి. గదే 40 డిగ్రీలుంటే హీటర్ ఆగిపోయినా మిషన్‌లో వేడి దిగదు. అప్పుడు గుడ్డును కాపాడేది ఆ తడే. సముద్రం పక్కనైనా ఆ రోజుల్లో నేను చల్లమనే చెప్తా.

దర్శి నుంచి:
అలాంటి గదిలో అసలు గుడ్లే పెట్టకూడదన్నా. మే నెల పోనిచ్చి పెట్టుకోవడం మేలు.

కావలి టీచర్:
25వ రోజు తర్వాత మాత్రం ఎవరి వాదనైనా ఒకటే. గుడ్లు తిప్పడం ఆపి, తేమ 70 శాతం పైకి తీసుకెళ్లి, మూత ముట్టకూడదు. ఒక పిల్ల పెంకుకు బీట పెట్టిందని ఆత్రంగా తెరిస్తే, పక్క గుడ్డులో బీట పెట్టిన పిల్లకు పొర ఎండి అతుక్కుపోతుంది. బీట పెట్టాక బయటికి రావడానికి ఒక రోజు పైనే పట్టవచ్చు, టెన్షన్ పడొద్దు. మిషన్‌లో లేచిన పిల్లల్ని చెరువులో వదలొద్దు. తల్లి నూనె అంటదు కాబట్టి ఈకలు తడిసి చలికి చనిపోతాయి. మేతలో బూజు పట్టిన వేరుశనగ చెక్క అసలే వద్దు, ఆ విషం బాతులకు కోళ్ల కంటే తొందరగా ఎక్కుతుంది.

ఇందుకూరుపేట బాతులు:
ఈసారి సగం గుడ్లకు స్ప్రే చేసి, సగానికి మూత తీసి గాలి మాత్రం తగలనిస్తే తెలుస్తుందా?

దర్శి నుంచి:
తెలుస్తుంది. 7వ రోజు టార్చ్ పెట్టి చూసి, రక్తనాళాలు కనపడని గుడ్లు ముందే తీసేయండి, లేకపోతే పోతు బాతు తక్కువై గుడ్డులో పిల్ల కట్టని లోపం నీళ్ల ఖాతాలో పడుతుంది. మిగిలినవాటికి రెండు రకాల గుర్తులు పెట్టి, రెండు జట్లనూ విడివిడిగా తూచండి.

కోవూరు రైతు:
స్ప్రే చేసే సగానికి కాచి చల్లార్చిన నీళ్లు వాడు తమ్ముడూ, గోరువెచ్చగా ఉన్నప్పుడే. ట్యాంకు నీళ్లు కొట్టి మురిగితే ఆ తప్పు నా పద్ధతి మీద రాయొద్దు.