బాబు మెదడులో వాపు ఉందంటున్నారు, తగ్గిస్తే ఆటిజం తగ్గుతుందా?

కాజీపేట నాన్న:
మా బాబుకు ఆరేళ్లు. ఏడాదిన్నర దాకా అమ్మ, అత్త, బస్సు అని బాగానే అనేవాడు. తర్వాత ఒక జ్వరం వచ్చి తగ్గింది, ఆ నెలలోనే ఉన్న మాటలన్నీ పోయాయి. మూడో ఏట ఆటిజం అన్నారు. అప్పటి నుంచి వారానికి మూడు రోజులు హనుమకొండకు తీసుకెళ్లి స్పీచ్ థెరపీ, ఓటీ (రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ) చేయిస్తున్నాం, ఇప్పుడు ముప్పై మాటల దాకా వచ్చాయి. పోయిన నెల హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సెంటర్‌లో చూపిస్తే రక్తపరీక్ష చేసి, మెదడులో ఇన్‌ఫ్లమేషన్ ఉంది, అది తగ్గకుండా థెరపీ ఎంత చేసినా పైపై పనే అన్నారు. ఆరు నెలలు సప్లిమెంట్లు, తర్వాత మూడుసార్లు స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కించడం, అంతా కలిపి నాలుగున్నర లక్షలు. ఇరవై వేలు అడ్వాన్సు కట్టాను.

నేను నమ్మడానికి ఇంకో కారణం ఉంది. పోయిన వానాకాలం బాబుకు 102 జ్వరం వచ్చింది. ఆ రాత్రి నా కళ్లలోకి చూసి 'నాన్నా, నీళ్లు' అన్నాడు. రెండు మాటలు కలిపి అనడం అదే మొదలు. జ్వరం దిగాక మళ్లీ అనలేదు. వాడు లోపల ఉన్నాడు, ఏదో అడ్డం ఉంది. ఆ అడ్డం ఈ వాపే కావచ్చు కదా?

భూపాలపల్లి అమ్మ:
మా పాప కూడా అంతే అన్నా. మామూలుగా ముట్టుకోనివ్వదు, జ్వరం వస్తే ఒళ్లో పడుకుంటుంది. ఇంట్లో చెబితే నా భ్రమ అన్నారు.

మందుల షాపు, హనుమకొండ:
అక్కా, అది భ్రమ కాదు. 2007లో అమెరికాలో 30 మంది ఆటిజం పిల్లలను జ్వరం ఉన్నప్పుడు, తగ్గాక గమనించి రాశారు. చాలామందిలో చిరాకు, చేసిందే చేయడం జ్వరంలో తగ్గాయి.

కానీ అన్నా, ముందు ఆ 'వాపు' అనే మాట పక్కన పెట్టాలి. మన దగ్గర మెదడువాపు అంటే దోమ కుడితే వచ్చే జబ్బు, ఫిట్స్ వచ్చి స్పృహ పోయేది. ఆటిజంలో చెప్పేది అది కాదు. మెదడులో మైక్రోగ్లియా అని కణాలు ఉంటాయి, కాపలా కాస్తాయి, చెత్త ఎత్తుతాయి, పిల్లలు ఎదిగేటప్పుడు అక్కరలేని నరాల కనెక్షన్లను కత్తిరిస్తాయి కూడా. 2005లో జాన్స్ హాప్కిన్స్ వాళ్లు చనిపోయిన 11 మంది ఆటిజం వాళ్ల మెదడు ముక్కలు పరీక్షిస్తే ఈ కణాలు మామూలు కంటే ఎక్కువ చురుగ్గా కనిపించాయి, ముఖ్యంగా చిన్నమెదడులో. 2013లో జపాన్‌లో బతికున్న 20 మంది యువకులకు పెట్ స్కాన్ తీస్తే అలాంటిదే కనిపించింది. అయితే 2021లో బోస్టన్ నుంచి వచ్చిన స్కాన్లలో ఆ సిగ్నల్ కొన్ని చోట్ల తక్కువగా ఉంది. పైగా ఆ కణాలు ఆటిజానికి కారణమా, లేక ఇంకేదో సర్దడానికి వచ్చాయా అన్నది వీటితో తేలదు. ఇల్లు కాలుతున్న చోట ఫైరింజన్ కనిపిస్తే అది అంటించిందని అనలేం కదా.

కాజీపేట నాన్న:
అంటే ఉంది కదా తమ్మీ. హాప్కిన్స్ వాళ్లు చూశారు, జపాన్ వాళ్లు చూశారు. మా బాబు రిపోర్టులో కూడా సైటోకైన్లు (ఇన్‌ఫ్లమేషన్ ఉంటే రక్తంలో పెరిగేవి) ఎక్కువున్నాయి. పేరు వాపు అను, మంట అను, నాకు కావాల్సింది తగ్గించే మందు.

మందుల షాపు, హనుమకొండ:
మీ రిపోర్టు చేతి రక్తానిది. అది చూసి మెదడులో ఏముందో చెప్పలేరు. ఇంకోటి, జ్వరం వచ్చిందంటే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ పెరిగినట్టే. అదే అడ్డమైతే 102 ఉన్న రాత్రి బాబు ఇంకా దిగజారాలి, కానీ మీ వైపు తిరిగి మాట్లాడాడు. మీరు సాక్ష్యం అనుకున్నదే మీ మాటకు ఎదురు నిలుస్తోంది.

ఖిలా వరంగల్:
మెదడువాపు టీకా వల్లే ఇదంతా అంటున్నారు నిజమేనా

మందుల షాపు, హనుమకొండ:
కాదు. టీకాతో ఆటిజం అన్న మాట 1998లో ఒక పేపర్‌తో మొదలైంది, అదీ మెదడువాపు టీకా మీద కాదు, తట్టుకు వేసే ఎంఎంఆర్ టీకా మీద. దాన్ని అచ్చువేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. పిల్లలకు టీకాలు ఆపకండి.

పరకాల టీచర్:
మా భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రభుత్వం నడిపేది) ఒక తల్లి ఇలాగే సెంటర్ మాట నమ్మి థెరపీ మాన్పించింది. ఏడాది పోయింది. మళ్లీ మొదటి నుంచి నేర్పుతున్నాం.

కాజీపేట నాన్న:
నేను థెరపీ మాన్పిస్తానని అనలేదు టీచర్ గారూ. రెండూ చేస్తే తప్పేంటి?

జమ్మికుంట చెల్లె:
తప్పేంటో నేను చెప్తాను. మా అన్నకు ఆటిజం, ఇప్పుడు 27. పదేళ్ల కింద మా నాన్న అరెకరం చెల్క అమ్మి స్టెమ్ సెల్స్ ఎక్కించాడు. వెన్నులోకి సూది. రెండు నెలలు ఇంట్లో అందరం అన్న ముఖమే చూస్తూ కూర్చున్నాం. చెయ్యి ఊపితే మెరుగు, నవ్వితే మెరుగు. అంతమంది అంతసేపు మాట్లాడిస్తే ఎవరైనా నవ్వుతారు. మూడో నెల నుంచి ఎప్పటిలాగే. ఆ ఏడు నా ఇంటర్ ఫీజు కట్టలేక కాలేజీ ఆగింది, ఆ చెల్కలో ఇప్పుడు వేరేవాళ్ల పత్తి ఉంది.

కాజీపేట నాన్న:
బాధగా ఉంది చెల్లె. కానీ మీ అన్నకు పదిహేడేళ్లకు చేయించారు. చిన్న వయసులో మెదడు ఇంకా ఎదుగుతుంటుంది, అప్పుడైతే పనిచేస్తుందని డాక్టర్ స్పష్టంగా చెప్పారు.

మందుల షాపు, హనుమకొండ:
చిన్న వయసులోనే చూశారన్నా. డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు 2 నుంచి 7 ఏళ్ల పిల్లలు 180 మందిని తీసుకుని, కొందరికి బొడ్డుతాడు రక్తం, కొందరికి ఉత్తి ద్రావణం ఎక్కించారు. ఆరు నెలల తర్వాత, ముందుగా అనుకున్న కొలతలో రెండు గుంపులకూ తేడా రాలేదు. 2020లో ప్రచురించారు. మన దేశంలో 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ బోర్డు కూడా ఆటిజానికి స్టెమ్ సెల్స్ సిఫారసు చేయమని చెప్పింది.

కాజీపేట నాన్న:
'చేయమని' అంటే చేయొచ్చనే కదా?

మందుల షాపు, హనుమకొండ:
సిఫారసు చేయడం లేదు, చేయొద్దు అని అన్నా. రాయడంలో నా తప్పు.

కాజీపేట నాన్న:
మరి సప్లిమెంట్లు? మొలకెత్తిన బ్రకోలీ నుంచి తీసే సల్ఫొరాఫేన్ మీద ట్రయల్ జరిగిందని నేనూ చదివాను. వాటినీ వద్దంటావా?

మందుల షాపు, హనుమకొండ:
జరిగింది. 2014లో 44 మంది అబ్బాయిలు, 13 నుంచి 27 ఏళ్లు, 18 వారాలు. జ్వరంలో ఎందుకు మారతారన్న ఆలోచన కూడా దాని వెనక ఉంది. మందు వాడినవాళ్లలో మార్పు కనిపించింది, ఆపాక తగ్గిపోయింది. తర్వాతి ట్రయల్స్‌లో ఫలితం ఒకేలా రాలేదు. నేను తలుపు మూయడం లేదు, కానీ పెద్ద పిల్లల మీద చేసిన చిన్న ట్రయల్ చూసి ఆరేళ్ల బాబుకు ఆరు సీసాలు రాయడం వైద్యం కాదు. ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే స్టెరాయిడ్ల సంగతి ఇంకా జాగ్రత్త, నెలల తరబడి వాడితే షుగర్ పెరుగుతుంది, పిల్లల ఎదుగుదల మందగిస్తుంది. రిస్పెరిడోన్ లాంటి ఆమోదం ఉన్న మందులు కూడా చిరాకుకు, తనను తాను కొట్టుకోవడానికే, ఆటిజానికి కాదు.

కాజీపేట నాన్న:
అన్నిటికీ కాదు, లేదు, వద్దు. షాపులో కూర్చుని పేపర్లు చదివేవాడికి ఇది చర్చ. రోజూ రాత్రి తల గోడకు కొట్టుకునే పిల్లవాడిని పట్టుకుని పడుకునేది నేను. రీసెర్చ్ తేలేదాకా ఆగమంటావు, ఎన్నేళ్లు ఆగాలి? వాడి ఏళ్లు ఆగుతాయా?

మందుల షాపు, హనుమకొండ:
ఈ సీసాలు అమ్మితే లాభం నాకే అన్నా. నెలకు నలుగురైదుగురు అడుగుతారు. వద్దని చెప్పి పంపిస్తాను.

జమ్మికుంట చెల్లె:
అన్నా, ఒకటి అడుగుతాను, కోపం వద్దు. బాబు ఇప్పుడు ఎలా ఉన్నాడో దాని గురించి మీకు భయమా, పెద్దయ్యాక ఎలా ఉంటాడో దాని గురించా?

కాజీపేట నాన్న:
నాకు 41. నాకు 70 వచ్చేసరికి వాడికి 35. రోజూ అర్ధరాత్రి ఈ ఒక్క లెక్కే వేస్తాను. నేను లేకపోతే వాడికి అన్నం ఎవరు కలిపి పెడతారు? దీనికి జవాబు చెప్పండి, రేపే ఆ సెంటర్‌కు వెళ్లడం మానేస్తాను.

జమ్మికుంట చెల్లె:
మా నాన్నా ఇదే లెక్క వేశాడు. స్టెమ్ సెల్స్ పనిచేయకపోయేసరికి ఆ లెక్కకు జవాబు నేనైపోయాను. ఎవరూ నన్ను అడగలేదు. రెండు సంబంధాలు అన్న పేరు వినగానే వెనక్కిపోయాయి. మా అన్నంటే నాకు ప్రాణం, ఆయన్ని వదిలి ఎక్కడికీ పోను, కానీ అడిగితే బాగుండేది. అరెకరం అలాగే ఉంటే ఒక మనిషిని పెట్టుకునేవాళ్లం. మీ నాలుగున్నర లక్షలు మెదడులోకి పోతున్నాయా, మీ భయంలోకి పోతున్నాయా చూసుకోండి. మీకు ఇంకో బిడ్డ ఉందా?

నిర్వాహకులు:
అందరూ కాస్త నిదానం. వ్యక్తిగత మాటలు వద్దు.

కాజీపేట నాన్న (మర్నాడు):
పాప ఉంది. నాలుగో తరగతి. రాత్రి అన్నం తింటుంటే దాని వైపు చూడలేకపోయాను.

పరకాల టీచర్:
బాబుకు సదరం సర్టిఫికెట్, అదే వైకల్య ధ్రువపత్రం, తీశారా? దాంతో దివ్యాంగుల పెన్షన్ అడగొచ్చు, 2023లో దాన్ని నెలకు 4,016 చేశారు. నేషనల్ ట్రస్ట్ నిరామయ బీమా లక్ష దాకా వస్తుంది, థెరపీ ఖర్చు కొంత అందులో పెట్టుకోవచ్చు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం 18 దాటాక కలెక్టర్ ఉండే కమిటీ ద్వారా గార్డియన్‌ను పెట్టుకోవచ్చు. గార్డియన్ అంటే చెల్లెలో అక్కో అని రాసి లేదు.

కాజీపేట నాన్న:
సదరం లేదు. తీస్తే వాడు ఇంతే అని ఒప్పుకున్నట్టు అవుతుందని మూడేళ్లుగా తీయలేదు.

మందుల షాపు, హనుమకొండ:
అన్నా, నిన్నటి నుంచి ఒకటి రాయాలని ఉంది. ఉన్న మాటలు పోవడం ఆటిజంలో ఉన్నదే, కానీ కొందరిలో బయటికి కనిపించని ఫిట్స్ వల్లా పోతాయి. చాలా అరుదుగా మెదడు మీద శరీరమే దాడి చేసే ఎన్‌కెఫలైటిస్ కూడా ఉంటుంది, దానికి నిజంగానే స్టెరాయిడ్లు, ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీలు) ఇస్తారు. మూడేళ్లు స్థిమితంగా ఉండి మాటలు పెరుగుతున్న బాబులో అది ఉండే అవకాశం తక్కువ. నిద్రలో ఈఈజీ, అంటే మెదడు కరెంటును రాసే పరీక్ష, తీయించారా? అది పిల్లల న్యూరాలజిస్టు చూడాల్సింది, సెంటర్ కాదు.

కాజీపేట నాన్న:
తీయలేదు. ఎవరూ చెప్పలేదు. గురువారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. అడ్వాన్సు తిరిగి అడుగుతాను, ఇస్తారో లేదో. సప్లిమెంట్లు మాత్రం ఇంకా ఆపలేదు తమ్మీ, ఆ రాత్రి వాడు నీళ్లు అడిగిన గొంతు నా చెవిలోనే ఉంది.

మందుల షాపు, హనుమకొండ:
సీసాల వెనక వైపు ఫోటోలు తీసి పెట్టండి. అందులో ఏముందో చూసి చెప్తాను.

కాజీపేట నాన్న:
పెడతాను. చెల్లె, మీ అన్న తనంతట తాను అన్నం కలుపుకుంటాడా?

జమ్మికుంట చెల్లె:
పెరుగన్నం కలుపుకుంటాడు. ఇరవై రెండో ఏట నేర్చుకున్నాడు, అమ్మ ఎనిమిది నెలలు నేర్పింది. పప్పు పెడితే ఇప్పటికీ కంచం నా వైపు తోస్తాడు.