అప్‌డేట్: మామయ్య రైల్‌రోడ్ పరిహారం సంగతి

అమెరికాలో రైలింజన్ల వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మా మామయ్యకు ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిందని, ఇప్పుడు పరిహారం అడగొచ్చా అని ఇదివరకు అడిగాను. అడగొచ్చట! లాయర్ మాట విన్నాక టెన్షన్ కాస్త తగ్గింది.

అక్కడి రైల్‌రోడ్ కార్మికులకు మామూలు వర్కర్స్ కాంపెన్సేషన్ (తప్పెవరిదని చూడకుండా పనిలో దెబ్బకో జబ్బుకో ఇచ్చే పరిహారం) ఉండదు, 1908 నాటి ఫెలా (FELA, రైల్‌రోడ్ కార్మికులు కంపెనీ మీద దావా వేసే ఫెడరల్ చట్టం) కింద దావా వేయాలి. గడువు 3 ఏళ్లు. ఇలాంటి జబ్బులకు ఆ లెక్క రిటైరైన రోజు నుంచి కాదు, జబ్బుకీ పనికీ ఉన్న సంబంధం తెలిసిన, లేదా తెలిసి ఉండాల్సిన నాటి నుంచి. కంపెనీ నిర్లక్ష్యం కొంతైనా కారణమని మాత్రం మనమే చూపించాలి.

చలికాలంలో తలుపులు మూసేసి లోపలే డీజిల్ ఇంజన్లు ఆన్‌లో ఉంచేవారని, తుడుచుకుంటే ఆ పొగ మసికి రుమాలు నల్లగా అయ్యేదని ఆయనతో పనిచేసినాయన రాసిచ్చారు. నా దృష్టిలో అన్ని కాగితాలకన్నా అదే గట్టిది. దావా ఈ వారమే వేస్తున్నాం.