ఫైనాన్స్ సీజ్ బండి వేలంల కొనాలంటే ఏమేం చూడాలె?

హన్మకొండ వాసి:
అన్నలకు నమస్తే. హైదరాబాద్ శివార్ల ఒక యార్డుల ఫైనాన్స్ వాళ్లు సీజ్ చేసిన స్విఫ్ట్ పెట్రోల్ పాటకు వచ్చింది. 2018 మోడల్, టీఎస్ 03 నంబర్. కాగితాలు సక్కగున్న ఇసొంటి బండి బయట 4,20,000 దాకా పలుకుతున్నది. యార్డుల స్టార్ట్ చేసి చూపిస్తరట గని నడపనియ్యరు. పాట ఎంతదాకా పోవచ్చు? బండిల, కాగితాలల్ల ముందుగాల ఏం చూడాలె?

ఆర్సీ కాగితం:
తమ్మీ, ఇంజన్ సంగతి తర్వాత. ముందు ఆర్సీ ఎవరి దగ్గర ఉన్నదో అడుగు. కిస్తీలు కట్టలేని ఓనర్ దగ్గర బండి గుంజుకుంటరు గని, ఆర్సీ ఆయన దగ్గరనే ఉండిపోతది. అసొంటప్పుడు ఫైనాన్స్ కంపెనీ ఫారం 36 మీద ఆర్టీఏ (రవాణా ఆఫీసు)ల దరఖాస్తు పెట్టాలె, ఆర్టీఏ వాళ్లు ఫారం 37తోని ఓనర్‌కు నోటీసు పంపి, కంపెనీ పేరు మీద కొత్త ఆర్సీ ఇస్తరు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 51(5) చెప్పేది ఇదే. అది చేతికొచ్చినంకనే, బండి నీ పేరు మీదికి మార్చే 29, 30 ఫారాల మీద కంపెనీ వాళ్ల సంతకం చెల్లుతది.

కొందరు "లోన్ ఇచ్చిన నాడే ఓనర్ సంతకాలు తీస్కున్నం, దాంతోని మారుస్తం" అంటరు. సంతకం తేడా కొట్టినా, ఓనర్ పోయి అభ్యంతరం పెట్టినా ఫైలు ఆగుతది. కొత్త ఆర్సీ ఇంకా రాలేదంటే ఎప్పటికల్లా ఇస్తరో కాగితం మీద రాయించుకో. రాసియ్యకపోతే ఆ బండి జోలికే పోకు. పోలీసుల ఈ-చలాన్ సైట్ల నంబర్ కొట్టి చూడు, ట్రాన్స్‌ఫర్ దగ్గర పాత జరిమానాలు నీ నెత్తిన పడ్తయి.

ఆటోనగర్ మేస్త్రి:
కాగితాలు అన్న చెప్పిండు, నేను బండి చెప్త. పొద్దున్నే పో, ఇంజన్ సల్లగ ఉన్నప్పుడు స్టార్ట్ చెయ్యాలె. బానెట్ మీద చెయ్యి పెట్టు, వేడిగుంటే ఎవలో ముందే నడిపి పెట్టిన్రు. స్టార్ట్ అయినంక ఆయిల్ పోసే మూత తియ్యి, అండ్ల నుంచి దమ్ము కొట్టినట్టు పొగొస్తే ఇంజన్ల పిస్టన్ రింగులు అరిగినట్టు లెక్క. మూత కింద తెల్లటి జిగురుంటే కూలెంట్ ఆయిల్‌ల కలుస్తుందేమో అని అనుమానించు. ఉత్తగ నిలబడ్డ బండ్లల్ల తేమకు సుత కొంచెం జిగురొస్తది, అందుకే డిప్‌స్టిక్ కూడ తీసి చూసినంకనే తేల్చుకో.

ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్ల దాచుకున్న ఎర్రర్ కోడ్లు చదివే మిషిన్) పట్టుకపో. ఎర్రర్ కోడ్ ఒక్కటి లేకున్నా సంబరపడకు. రెడీనెస్ మానిటర్లు, అంటే బండి తనను తాను చేసుకునే పరీక్షలు, "నాట్ రెడీ" చూపిస్తే ఈ మధ్యనే కోడ్లు తుడిచిన్రు, లేకపోతే బ్యాటరీ తీసి పెట్టిన్రు. యార్డుల బ్యాటరీ చచ్చిపోవుడు మామూలే కాబట్టి ఇదొక్కదాంతోని బండిని తప్పు పట్టలేం, అనుమానం మాత్రం పెట్టుకోవాలె.

అన్నిటికన్నా భయపడాల్సింది నీళ్లల్ల మునిగిన బండికి. 2023 జూలైల వరంగల్, 2024 సెప్టెంబర్‌ల ఖమ్మం మున్నేరు, 2025 అక్టోబర్‌ల హన్మకొండ, ఈ వరదలు యాదికి పెట్టుకోని సర్వీసు రికార్డుల ఆ నెలల తర్వాత ఏం మార్చిన్రో చూడు. లోపల కడిగి సెంటు కొడ్తరు గని సీటు బెల్టు కడగరు. బెల్టు చివరిదాకా గుంజు, బురద గీత ఆడనే దొరుకుతది. సీటు కింది రైళ్లు, స్టెప్నీ గుంత, డ్యాష్ కింద వైర్ల కనెక్టర్లు చూడు. కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి తుప్పుంటే ఎంత చవకకొచ్చినా వద్దు. ఇయ్యాల నడుస్తది, ఆరు నెలలకు ఒక్కో సెన్సర్ పోతది, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌ను అసలే నమ్మలేం.

ఎలుకలు వైర్లు కొరుకుడు కూడ యార్డు బండ్లల్ల ఎక్కువ. టైర్ మీద నాలుగంకెలు చూడు, 2319 అంటే 2019ల 23వ వారం.

కరీంనగర్ పాటగాడు:
పాట లెక్క కింది నుంచి కాదు, 4,20,000 నుంచి వెనక్కి రావాలి. నాలుగు టైర్లు 18,000, బ్యాటరీ 5,000, ఆయిల్, ఫిల్టర్లు, బ్రేకులు కలిపి 12,000, ఇన్సూరెన్స్ 12,000, ఒకటే తాళం ఇస్తే రెండోది కోడింగ్‌తో 6,000, ట్రాన్స్‌ఫర్ ఖర్చు 6,000, బండి తెచ్చుకునే ఫ్లాట్‌బెడ్‌కు 7,000 అనుకుందాం. వేలం ఫీజు 10,000 అయితే దాని మీద 18 శాతం జీఎస్టీతో 11,800. మొత్తం 77,800. నడిపి చూడని బండి కాబట్టి క్లచ్, సస్పెన్షన్ కోసం ఇంకో 30,000 పక్కన పెట్టండి. మిగిలేది 3,12,200. అంటే 3,12,000 దగ్గర ఆగాలి. ఆఖరి నిమిషంలో పాట వేడెక్కుతుంది, పక్కవాడు 3,20,000 అన్నాడని వెంటపడొద్దు.

షరతుల్లో "ఉన్నది ఉన్నట్టు" అనే మాట తప్పకుండా ఉంటుంది. తర్వాత ఏం బయటపడినా అడగడానికి లేదు. మీరే ఎక్కువ పాడినా ఫైనాన్స్ కంపెనీ ఆమోదిస్తేనే బండి మీది. డబ్బు కట్టే గడువు దాటితే పాటకు ముందు కట్టిన డిపాజిట్ పోతుంది, ఆలస్యానికి పార్కింగ్ ఛార్జీ పడుతుంది.

హన్మకొండ వాసి:
శానా థాంక్స్ అన్నా. ఎక్సైజోళ్ల వేలంల ఇంకా చవక అంటున్నరు, అది మంచిదేనా?

ఆర్సీ కాగితం:
అది వేరే దారి తమ్మీ. ప్రభుత్వ వేలం బండికి ఫారం 32 పెట్టాలె, 30 రోజులల్ల. వేలం ఖరారు చేసిన ఉత్తర్వు, వేలానికి అనుమతిచ్చిన ఉత్తర్వు కాపీ రెండూ జత చెయ్యాలె. బండి జప్తు మీద అప్పీలు నడుస్తుందా అని స్టేషన్‌ల అడుగు. తుక్కు కింద అమ్మే బండ్లు కూడ అదే వరుసల ఉంటయి, వాటికి రిజిస్ట్రేషన్ రాదు, లిస్టుల చూసి పాడు.

మహారాష్ట్ర బండ్లు, ఎంహెచ్ 26, ఎంహెచ్ 34 నంబర్లు, ఆదిలాబాద్, నిజామాబాద్ దిక్కు చవకగ దొరుకుతయి. ఆడి ఆర్టీఏ నుంచి ఫారం 28 ఎన్వోసీ (అభ్యంతరం లేదన్న కాగితం), ఈడ మళ్లా లైఫ్ టాక్స్ కలిపి చూస్తే ఆ చవక మిగలదు. పసుపు ప్లేటు బండి అయితే పర్మిట్ సరెండర్ చేసి సొంత బండి కింద మార్చుకునే పని ఇంకోటి. నీ టీఎస్ 03 బండికి ఇవేవీ లేవు, ఫారం 36 మీద కంపెనీ పేరుతోని వచ్చిన ఆర్సీ ఉన్నదా లేదా ఒక్కటి రేపు యార్డుకు ఫోన్ చేసి అడుగు.